హైదరాబాద్ నుంచి వైజాగ్: రైల్లో వెళ్లి, సిటీ బస్సుల్లో తిరిగి, మూడు వేలలో వారాంతం

వైజాగ్ వెళ్లొచ్చిన వాళ్ల ఖర్చు లెక్క తీస్తే, రైలు టికెట్ దగ్గర పోయే డబ్బు తక్కువే. పోయేది మూడు చోట్ల. స్టేషన్ బయట మొదటి ఆటో దగ్గర. పొద్దున్న ఆరింటికి దిగి మధ్యాహ్నం దాకా ఆగలేక అదనంగా కట్టిన గది అద్దె దగ్గర. ఇక మూడోది, "ఇంత దూరం వచ్చాం కదా" అని రెండు రోజుల్లో ఇరికించిన అరకు దగ్గర. ఈ మూడింటినీ ముందే కట్టడి చేసుకుంటే శుక్రవారం రాత్రి రైలెక్కి, రెండు రోజులు తిరిగి, సోమవారం పొద్దున్న ఆఫీసు టైముకి హైదరాబాద్‌లో ఉండొచ్చు. సొంత బండి అక్కర్లేదు, క్యాబ్ అక్కర్లేదు.

వైజాగ్ ఇందుకు అనువైన ఊరు కావడానికి కారణం దాని ఆకారమే. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, ఊరంతా మధ్యలో పొడుగ్గా సాగింది. చూడాల్సినవి చాలావరకు తీరం వెంబడి ఒకే వరసలో ఉన్నాయి: ఆర్కే బీచ్, అప్పుఘర్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, చివర భీమిలి. అందుకని సూత్రం ఒక్కటే. రోజుకి ఒక్క దారి పట్టుకోండి. శనివారం సముద్రం వైపు, ఆదివారం సింహాచలం వైపు. ఒకే రోజు రెండు వైపులా తిరగాలనుకుంటే మధ్యలో ఆటో తప్పదు.

రైలు టికెట్

నాంపల్లి నుంచి సాయంత్రం ఐదు దాటాక గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. తెల్లారి ఆరు లోపే వైజాగ్‌లో దింపుతుంది. శుక్రవారం ఆ టైముకి ఆఫీసు నుంచి బయటపడలేని వాళ్లకి సికింద్రాబాద్ నుంచి రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో గరీబ్‌రథ్. అది మొత్తం ఏసీ, కాస్త ఆలస్యంగా చేరుతుంది. టైములు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసే ముందు ఒకసారి సరిచూసుకోండి.

రిజర్వేషన్ ప్రయాణం రోజుకి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. శుక్రవారం టికెట్ తీసుకుని ఊరుకుంటారు. ఆదివారం తిరుగు టికెట్ తెరుచుకునేది దానికి రెండు రోజుల తర్వాత. గుర్తొచ్చేసరికి అది వెయిటింగ్ లిస్టులోకి పోయి ఉంటుంది. ఆదివారం రాత్రి హైదరాబాద్ వైపు బెర్తుకే గిరాకీ ఎక్కువ, సొంతూళ్లకి వెళ్లిన వాళ్లంతా ఆ రాత్రే తిరిగొస్తారు మరి. ఫోన్లో రెండు అలారాలు పెట్టుకోండి. రెండోది మరీ ముఖ్యం.

వెయిటింగ్ లిస్టులో ఉన్నప్పుడు నంబరు ఒక్కటే చూస్తే సరిపోదు, ముందున్న అక్షరాలు చూడాలి. మన స్టేషన్లో బయలుదేరి వైజాగ్‌లోనే ఆగిపోయే రైళ్లలో సాధారణంగా జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్ లిస్టు) వస్తుంది. రద్దయిన సీట్లు ముందు దీనికే పోతాయి కాబట్టి ఇది కదులుతుంది. భువనేశ్వర్, హౌరా దాకా పోయే రైళ్లలో మధ్య స్టేషన్‌కి టికెట్ తీస్తే పీక్యూడబ్ల్యూఎల్ (పూల్డ్ కోటా), ఆర్ఎల్‌డబ్ల్యూఎల్ (రిమోట్ లొకేషన్) లాంటి వెయిటింగ్ లిస్టులు తగులుతాయి. వాటి కోటా చిన్నది, నంబరు చిన్నగా కనిపించినా కదలకుండా కూర్చుంటుంది. చార్ట్ వేశాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దవుతుంది, ఇక ఆ రైలు ఎక్కకూడదు. ఆర్ఏసీ అయితే ఎక్కొచ్చు, కాకపోతే సైడ్ లోయర్ మీద ఇద్దరు కూర్చుని తెల్లవార్లూ గడపాలి.

తత్కాల్ ముందు రోజు ఏసీకి 10, స్లీపర్‌కి 11 గంటలకు. ఆన్‌లైన్లో తీయాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ముందే అయి ఉండాలి, పదకొండింటికి మొదలుపెడితే అయ్యే పని కాదు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు.

ఇంకొక గండం దువ్వాడ. వైజాగ్ స్టేషన్లోకి వచ్చిన హౌరా లైను రైలు ఇంజిన్ అటు మార్చుకుని వెనక్కి బయలుదేరాలి. ఆ ఆలస్యం ఎందుకని కొన్ని దూరప్రాంత రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి పోతాయి. యాప్‌లో "విశాఖ" అని వెతికితే చుట్టుపక్కల స్టేషన్లన్నీ చూపిస్తుంది, చూసుకోకుండా తీసుకుంటే దువ్వాడలో దిగాలి. అక్కడి నుంచి కూర్మన్నపాలెం రోడ్డు మీదికి వచ్చి గాజువాక మీదుగా వెళ్లే సిటీ బస్సు పట్టుకుంటే గంట పైమాటే. అర్ధరాత్రి దింపే రైలైతే అసలు వద్దు.

గది: గడియారంతో కొట్టాల్సిన బేరం

పన్నెండింటి చెక్ అవుట్ హోటల్లో పొద్దున్న ఆరింటికి దిగితే ముందు రాత్రి అద్దె కూడా అడుగుతారు, లేదా లాబీలో కూర్చోబెడతారు. 24 గంటల లాడ్జిలో ఆరింటికి దిగితే ఆదివారం ఆరింటికి ఖాళీ చేయాలి. రెండూ నష్టమే. చేయాల్సింది ఇది. పొద్దున్నే గది తీసుకోవద్దు. స్టేషన్ వెయిటింగ్ హాల్లో స్నానం కానిచ్చి, బ్యాగు క్లోక్‌రూమ్‌లో పెట్టి ఊళ్లోకి పోండి. మధ్యాహ్నం మూడున్నరకి 24 గంటల లాడ్జిలో దిగండి. ఆదివారం మూడున్నర దాకా గది మీదే. గుడికి వెళ్లొచ్చి, స్నానం చేసి, ఒక కునుకు తీసి నేరుగా సాయంత్రం రైలుకి పోవచ్చు. ఒక్క రోజు అద్దెతో రెండు రోజులూ గడుస్తాయి.

దీనికి ఫోన్ చేసి అడగాల్సిన మాట ఒక్కటే: "మీది 24 గంటలా, మధ్యాహ్నం 12కా?" బుకింగ్ యాప్‌లు తమ సొంత టైము పెడుతుంటాయి కాబట్టి లాడ్జికే ఫోన్ చేయడం మేలు. ఎంతమంది వెళితే అందరి ఒరిజినల్ ఆధార్‌లూ ఉండాలి.

క్లోక్‌రూమ్‌లో తాళం లేని బ్యాగు తీసుకోరు. జిప్పుకి వేసే చిన్న తాళం ఇంట్లోనే కొని పెట్టుకోండి, తెల్లవారుజామున స్టేషన్లో వెతుక్కుంటే దొరకదు. రైలు టికెట్, గుర్తింపు కార్డు చూపించాలి, ఇచ్చిన రసీదు జాగ్రత్త. పెద్దవాళ్లు, పసిపిల్లలు వెంట ఉంటే ఈ తిప్పలు వద్దు. పీఎన్ఆర్ నంబరుతో స్టేషన్ రిటైరింగ్ రూమ్‌ని 12 గంటల సేపు వాడుకునేలా ముందుగానే బుక్ చేసుకోవచ్చు.

ఏ పేటలో దిగాలి? బీచ్ ఎదురుగా మాత్రం కాదు. అక్కడ అద్దె ఎక్కువ, ఆదివారం పొద్దున్న సింహాచలం బస్సుకి మళ్లీ వెనక్కి రావాలి. ఆర్టీసీ కాంప్లెక్స్, డాబాగార్డెన్స్, జగదాంబ మధ్య ఎక్కడైనా సరే. ఊళ్లో తిరిగే బస్సుల్లో ఎక్కువ భాగం కాంప్లెక్స్ మీదుగానే పోతాయి, టిఫిన్ సెంటర్లూ అక్కడే.

శనివారం: ముందు తీరం చివరికి

వైజాగ్ స్టేషన్‌కి రెండు వైపులా దారులున్నాయి. నిద్రమత్తులో జనం వెంట నడిచి ఎనిమిదో ప్లాట్‌ఫారం వైపు దిగితే జ్ఞానాపురంలో తేలతారు. సిటీ బస్సులు దొరికేది ఒకటో ప్లాట్‌ఫారం వైపు. అక్కడ ఆటోవాళ్లు చుట్టుముడతారు, వాళ్లని దాటుకుని బస్టాపు దాకా నడవండి.

900కె ఎక్కండి. స్టేషన్ నుంచి కాంప్లెక్స్, సిరిపురం, పెదవాల్తేరు మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రం ఒడ్డుకి వచ్చి, రుషికొండ దాటి భీమిలి దాకా పోతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు, సముద్రం అటే. ఈ దారికి పేరెట్టి టూరు అమ్ముతారు, సిటీ బస్సు టికెట్‌లో అదే దారి. అచ్చం ఇలాగే కనిపించే 999 కూడా భీమిలికే పోతుంది గానీ మద్దిలపాలెం, మధురవాడ వైపు నుంచి, అంటే జాతీయ రహదారి మీద. ఎక్కే ముందు కండక్టర్ని "బీచ్ రోడ్డు మీదుగానేనా?" అని అడగండి.

ముందు చివరన ఉన్న భీమిలికి పోయి, అక్కడి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ వెనక్కి రండి. ఆర్కే బీచ్‌తో మొదలుపెట్టిన వాళ్లు రుషికొండ దాటకుండానే అలిసిపోతారు, భీమిలి ఎప్పుడూ మిగిలిపోతుంది. పైగా సాయంత్రం పొద్దుపోయాక అటునుంచి వచ్చే బస్సులు పలచబడతాయి. వెనక్కి వస్తూ చూస్తే ఎంత అలిసినా గది దగ్గరవుతూనే ఉంటుంది.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. అన్నీ నడక దూరమే, రెండు గంటలు చాలు. తిరుగు దారిలో తొట్లకొండ బౌద్ధ స్థలం. బస్సు రోడ్డు మీదే దింపుతుంది, కొండెక్కాల్సింది కాళ్లతోనే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఎక్కండి, పైనుంచి తీరం చాలా బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పదకొండింటికి ఆ కొండ ఎక్కితే మిగతా రోజంతా పడకేనని గుర్తుంచుకోండి. రుషికొండలో ఒక గంట, అక్కడే భోజనం. తర్వాత మళ్లీ 900కె, స్టేషన్లో బ్యాగు తీసుకుని మూడున్నరకి లాడ్జి.

సాయంత్రం ఆర్కే బీచ్. కాంప్లెక్స్ నుంచి 28 నంబరు బస్సులు జగదాంబ మీదుగా వెళ్తాయి. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం సోమవారం సెలవు, శనివారం మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. కాబట్టి పొద్దున బీచ్‌కి పోయి మూసిన గేటు చూసి వెనక్కి రావడం మన పద్ధతిలో జరగదు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన సోవియట్ తయారీ సబ్‌మెరైన్ ఇది. 91 మీటర్ల పొడవు గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. గదికీ గదికీ మధ్య తలుపు ఉండదు, గుండ్రటి కన్నం ఉంటుంది. ముందు ఒక కాలు, తర్వాత తల, తర్వాత రెండో కాలు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు, పెద్ద బ్యాగు తగిలించుకున్న వాళ్లు బయటే ఆగడం మంచిది. రోడ్డు దాటితే టీయూ-142 విమానం మ్యూజియం. చీకటి పడ్డాక క్యూ పెరుగుతుంది, కాబట్టి ముందు ఈ రెండూ చూసి తర్వాత ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తినండి. ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగొద్దు. అలల కింద లాగే ప్రవాహం ఉంది, ఈతొచ్చిన వాళ్లే పోయారు.

ఆదివారం: సింహాచలం, లేదా కైలాసగిరి

కాంప్లెక్స్ నుంచి ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా 28 సిరీస్ బస్సులు సింహాచలం పోతాయి. గంట వేసుకోండి. కొన్ని కొండ కిందే ఆగుతాయి, అక్కడి నుంచి పైకి వేరే బస్సు. ఆరున్నరకి బయలుదేరితే పదిన్నర, పదకొండుకి కిందికి దిగొచ్చు. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం. ఆ చందనోత్సవం వారంలో గానీ, ఆషాఢ పౌర్ణమి గిరిప్రదక్షిణ అప్పుడు గానీ వచ్చేట్టయితే అందుకోసమే రండి, ఊరు తిరిగే ఆలోచన పెట్టుకోవద్దు. బస్సులు దారి మళ్లిస్తారు, లాడ్జిలు దొరకవు.

గుడి వద్దనుకుంటే కైలాసగిరి. 900కెలోనే వెళ్లి కొండ కింద దిగి, మెట్లెక్కడమో రోప్‌వేనో చూసుకోవచ్చు. పొద్దున్నే వెళ్తే క్యూ ఉండదు.

అరకు మాత్రం వద్దు. అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజరు పొద్దున్న ఏడు లోపే బయలుదేరుతుంది, శనివారం మీ రైలు కాస్త ఆలస్యమైతే చాలు, అది వెళ్లిపోతుంది. ఆదివారం పోతే అది తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది, గోదావరి ఎప్పుడో పోయి ఉంటుంది. అరకుకి వేరే మూడు రోజులు పెట్టుకోండి. యారాడ బీచ్ కూడా అంతే. బస్సులు అరుదు, ఆటో అయితే రానూపోనూ డబ్బులు అడుగుతారు.

డబ్బు లెక్క

ఇద్దరు కలిసి గది తీసుకుంటే మనిషికి సుమారుగా ఇలా వేసుకోండి. స్లీపర్ రానూపోనూ 900. గదిలో సగం 600. తిండి రెండు రోజులకి 700. బస్సులు 250. మ్యూజియం టికెట్లు, క్లోక్‌రూమ్ కలిపి 200. మొత్తం 2,650, మిగిలిన 350 చేతిలో ఉండాలి. గరీబ్‌రథ్ అయితే రైలు ఖర్చు ఇంకా పెరుగుతుంది, అప్పుడు మూడు వేలు దాటుతుంది. పది, ఇరవై నోట్లు ఓ మూడొందలకి విడిగా పెట్టుకోండి. పొద్దున్న మొదటి ట్రిప్పులో ఐదొందల నోటు ఇస్తే కండక్టరు విసుక్కుంటాడు, అతని తప్పేం లేదు.

ఆడవాళ్లకి బస్సు ఖర్చు ఇంకా తగ్గొచ్చు. ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం, కాకపోతే ఏపీ చిరునామా ఉన్న కార్డు చూపించాలి. హైదరాబాద్‌లో ఉంటూ ఆధార్‌లో ఇంకా గుంటూరో కాకినాడో ఉన్న వాళ్లకి వైజాగ్‌లో టికెట్ డబ్బులు అక్కర్లేదు, నాంపల్లి స్టేషన్‌కి వెళ్లే సిటీ బస్సులో మాత్రం కట్టాలి. ఆధార్ తెలంగాణకి మార్చుకున్న వాళ్లకి తెలంగాణ ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి హైదరాబాద్‌లో పనిచేస్తుంది, వైజాగ్‌లో పనిచేయదు. ఉచితమైనా సున్నా టికెట్ అడిగి తీసుకోవాలి, తనిఖీలో అడిగేది అదే.

ఆదివారం మూడున్నరకి గది ఖాళీ చేసి, మాడుగుల హల్వా కొనాలంటే అప్పుడే కొని, నాలుగున్నరకి స్టేషన్లో ఉండండి. గోదావరి సాయంత్రం ఐదు దాటాక కదులుతుంది. బయలుదేరేది ఇక్కడి నుంచే కాబట్టి ముందే ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. రాత్రి భోజనం పార్శిల్ కాంప్లెక్స్ దగ్గరే కట్టించుకోండి. తెల్లారి ఆరింటి ప్రాంతంలో నాంపల్లిలో దిగేసరికి మెట్రో కూడా మొదలవుతుంది, అటు మియాపూర్ వైపైనా, ఇటు ఎల్బీనగర్ వైపైనా.