కాలేజీ ల్యాబ్‌కి రీసెర్చ్ గ్రాంటు తెచ్చుకోవడం ఎలా: గోదావరి డెల్టా వాళ్ళ కోసం

ప్రపోజల్ అనగానే మన మాస్టార్లు ముందు చేసే పని ఏ డిపార్ట్‌మెంట్ ఎంతిస్తోంది, లాస్ట్ డేట్ ఎప్పుడు అని వెతకడం. నన్నడిగితే అది చివర్న చూసుకోవచ్చండి. ముందు తేల్చాల్సింది ఒకటే, మీరు తయారుచేసేది ప్రాజెక్టు అయిపోయాక ఎవరు వాడతారు, ఎవరు మెయింటైన్ చేస్తారు. ఆ మనిషి దొరికితే మిగతా పార్ట్‌నర్లు, డబ్బులు వాటంతట అవే ఒక లైన్లోకి వస్తాయి.

ఊరికే చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక ప్రాజెక్టు అనుకుందాం. దాళ్వా, అంటే రెండో పంట చివర్లో శివారు ఆయకట్టుకి నీళ్ళు తగ్గుతాయి, పోటు టైమ్‌లో డ్రెయిన్ల గుండా ఉప్పునీరు పైకెక్కుతుంది, ఇంజిన్ పెట్టి తోడుకునే రైతుకి ఆ నీళ్ళలో ఉప్పెంతుందో నోట్లో వేసుకుని చూడ్డం తప్ప దారి లేదు. సో అక్కడక్కడ ఈసీ మీటర్లు (నీళ్ళలో ఉప్పు కొలిచేవి) పెట్టి ఫోన్‌కి మెసేజ్ పంపే సిస్టమ్ చేద్దామని మీ ఈసీఈ డిపార్ట్‌మెంట్ అనుకుంది. బోర్డు, సెన్సార్ మీరు చేసేస్తారు, ఓకే. కానీ మీటరు ఏ తూము దగ్గర పెట్టాలో నీటి సంఘానికి తెలుసు, కాలువ గట్టు మీద పెట్టడానికి పర్మిషన్ ఇరిగేషన్ వాళ్ళది, ఎంత ఉప్పు దాటితే వరికి దెబ్బో చెప్పాల్సింది మారుటేరు వరి పరిశోధనా స్థానం. ఈ ముగ్గురూ లేకపోతే అది ఫైనలియర్ ప్రాజెక్టే, కాస్త ఖరీదెక్కువ అంతే.

మారుటేరు పేరు ఊరికే తీయలేదు. 1982లో అక్కడ నుంచి వచ్చిన స్వర్ణ వరి రకం, అదే ఎంటీయూ 7029, దేశమంతా పాకింది కానీ రోజుల తరబడి మునిగితే తట్టుకోదు. ముంపు తట్టుకునే గుణం ఒడిశా నాటు రకం ఎఫ్ఆర్ 13ఏలో ఉంది, దాన్లోని సబ్1 జీన్‌ని అమెరికా యూనివర్సిటీల వాళ్ళతో కలిసి ఫిలిప్పీన్స్‌లోని ఇర్రి, అంటే అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పట్టుకుంది, దాన్నే స్వర్ణలోకి ఎక్కించారు, మన దేశంలో టెస్టులు అయ్యాక 2009లో స్వర్ణ సబ్1 రిలీజైంది, రెండు వారాల దాకా ముంపుని ఓర్చుకుంటుంది. ఇందులో ఏ ఒక్కరి దగ్గరా మొత్తం సరుకు లేదు చూడండి. మీ ప్రపోజల్‌లో పార్ట్‌నర్ల పేరా కూడా అలా ఉండాలి, ఎవరి దగ్గర ఏముందో, ఏం లేదో కనపడాలి.

ఇక లెటర్ల సంగతి. "మా పూర్తి సహకారం ఉంటుంది" అని ఇరిగేషన్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారి సంతకంతో లెటర్ తెచ్చి సంబరపడిపోతారు, దానికి విలువ లేదండి. ఏ తూముల దగ్గర పెట్టనిస్తారు, నీటి మట్టం రికార్డులు ఎన్నేళ్ళవి ఇస్తారు, లస్కర్ (కాలువ చూసుకునే మనిషి) వారానికి ఎన్నిసార్లు చూసొస్తాడు, ఇవి రాయించుకోండి. డబ్బు రూపంలో కాకపోయినా అదీ వాటాయే, రివ్యూ చేసేవాళ్ళు అదే చూస్తారు. పార్ట్‌నర్లతో రాసుకునే ఒప్పందం, అదే ఎంఓయూలో డేటా ఎవరిది, పేటెంట్ వస్తే ఎవరి పేరున, ఈ రెండు మాటలు మొదట్లోనే మొహమాటం లేకుండా తేల్చేసుకోవాలి.

ఇప్పుడు డబ్బులు. పెద్ద తలుపు ఏఎన్ఆర్ఎఫ్, అంటే రీసెర్చ్‌కి డబ్బులిచ్చే కేంద్ర సంస్థ. 2023 చట్టంతో వచ్చింది, ఇంతకుముందు గ్రాంట్లిచ్చిన పాత సెర్బ్ బోర్డు ఇందులో కలిసిపోయింది. అయిదేళ్ళకి 50,000 కోట్లు అని అందరూ చెప్తారు గానీ అందులో కేంద్రం బడ్జెట్ నుంచి వచ్చేది 14,000 కోట్లే, మిగతా 36,000 కోట్లు కంపెనీలు, దాతల్లాంటి చోట్ల నుంచి తేవాలన్నది ప్లాన్. అంటే బయటి పార్ట్‌నర్ ఉన్న ప్రాజెక్టు వైపు గాలి వీస్తోందని నా లెక్క. అందులోనే పెయిర్ అని ఒక స్కీమ్ ఉంది, పెద్ద సంస్థ హబ్, మిగతా యూనివర్సిటీలు స్పోక్, ర్యాంకు షరతులుంటాయి కాబట్టి వాళ్ళిచ్చే కాల్ (ప్రపోజల్స్ పిలిచే ప్రకటన) పూర్తిగా చదివాకే ఎగరండి.

రెండోది సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. కంపెనీల చట్టం సెక్షన్ 135 కింద పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, మన పక్కనే ఓఎన్జీసీ రాజమండ్రి అసెట్ ఉంది. షెడ్యూల్ 7లో సైన్స్ టెక్నాలజీ రీసెర్చ్‌కి చోటుంది కానీ అది ప్రభుత్వ నిధులతో నడిచే యూనివర్సిటీలకి, జాతీయ ల్యాబులకి, ప్రభుత్వం ఫండ్ చేసే ప్రాజెక్టులకి. ప్రైవేటు కాలేజీ అయితే జేఎన్టీయూకే, నన్నయ యూనివర్సిటీ లాంటి వాళ్ళని లీడ్‌గా పెట్టి మీరు వెనకాల ఉండండి, నామోషీ ఏం లేదు.

బడ్జెట్‌లో జనం బోల్తా పడేది మనుషుల జీతాల దగ్గర. ఒక జేఆర్ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలో) మొదటి రెండేళ్ళు నెలకి 37,000, మూడో ఏడు ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000, మూడేళ్ళకి 13 లక్షల 92 వేలు, హెచ్ఆర్ఏ అదనం. సెన్సార్ల ఖర్చు దీని పక్కన చిల్లర. ఇంకోటి, రెండేళ్ళ ప్రాజెక్టు అడక్కండి, మూడేళ్ళు అడగండి. కాలువలకి నీళ్ళు ఆపేసే వేసవిలో మీటర్లు బిగించాలి, ఉప్పు డేటా దాళ్వా చివర్లోనే వస్తుంది, సాంక్షన్ ఆర్డర్ జూన్‌లో చేతికొస్తే ఆ ఏడాది బిగించే పని పోయినట్టే.

డబ్బు పడ్డాక కొనుగోళ్ళు జెమ్‌లోనా (ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు పోర్టల్), కొటేషన్లతోనా అన్నది మీ కాలేజీ అకౌంట్స్ వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. మార్చి 31 అవగానే యూసీ (డబ్బు దేనికి వాడారో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్), అంటే జీఎఫ్ఆర్ 12ఏ ఫారం, ఖర్చుల స్టేట్‌మెంట్, వచ్చిన వడ్డీ లెక్క రెడీ చేసేయాలి. యూసీ వెళ్ళకపోతే తర్వాతి ఇన్‌స్టాల్‌మెంట్ రాదు, పాపం స్కాలర్ జీతం ఆగిపోతుంది.

చివర్న అందరూ మర్చిపోయేది ఒకటి. గ్రాంటుతో కొన్న సామాను మీ ఇష్టం వచ్చినట్టు ఎవరికీ ఇచ్చేయడానికి లేదు, ఇచ్చిన ఏజెన్సీ ఒప్పుకోవాలి. మీటర్లు నీటి సంఘానికి అప్పజెప్పాలనుకుంటే మూడో ఏడు మొదట్లోనే ఆ పర్మిషన్‌కి లెటర్ పెట్టండి, మీటర్లతో పాటు మీటరు రీడింగ్ సరిచూసుకునే కాలిబ్రేషన్ సొల్యూషన్ ఎక్కడ దొరుకుతుందో, బ్యాటరీ ఎప్పుడు మార్చాలో ఒక పేజీ తెలుగులో రాసి లస్కర్‌కి, ఇరిగేషన్ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి చెరో కాపీ ఇవ్వండి.