రాసేవాళ్ళకు తోడుగా – 4వ పాఠం: ఇంకొకరి డ్రాఫ్టును తలలోంచి దించడం

పోయిన పాఠంలో చేతిలో పెన్ను లేకుండా డ్రాఫ్టు చదవడం అభ్యాసం చేశాం. మొదట్లో అది చాలామందికి చేతులు కట్టేసినట్టు ఉంటుంది. ఓ వారం పట్టుబట్టి చేసినవాళ్ళకు ఈ పాఠం తేలిగ్గా పడుతుంది. చేయనివాళ్ళు ముందు అది చేసి రండి. ఇవాళ చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఈసారి విషయం ఒక్కటే. జూనియర్ డ్రాఫ్టు చూసి పంపించేశాక, దాన్ని మన తలలోంచి దించి మన సొంత పని ముందు కూర్చోవడం ఎలా?

తిరుపతిలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా జూనియర్ల రాతలు చూసేదాన్ని. చిత్తూరు, కడప పల్లెల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. తమ ఇంట్లో ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్న మొదటి మనిషి తామే అయినవాళ్ళు. రోజుకు ముగ్గురు. కాగితం మీద చూస్తే నా పని రెండు గంటలే. కానీ హాస్టల్ మెస్‌లో అన్నం కలుపుకుంటూ ఒకరి రెండో పేరా గురించి ఆలోచించేదాన్ని. రాత్రి ఒంటిగంటకు ఇంకొకరి వాక్యాలు దిద్దుతూ ఉండేదాన్ని. నా రెండో చాప్టర్ ఫైలు రెండు నెలలు తెరవలేదు. "ఎంతదాకా వచ్చిందమ్మా?" అని గైడ్ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

గంటలు ఎక్కువై టెన్షన్ వస్తోందనుకుని ముగ్గురిని ఇద్దరికి తగ్గించాను. టెన్షన్ మాత్రం తగ్గలేదు. మోస్తున్న బరువు గంటలది కాదని అప్పుడు తెలిసింది. ఆరింటికి ముగించాల్సిన పనిని నేను ముగించడం లేదు, గదికి తీసుకుపోతున్నాను.

ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడు మన ధ్యాసలో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రయోగాలతో చూపించింది. రాత సాయం చేసేవాళ్ళకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ, ఎందుకంటే డ్రాఫ్టు అనేది ఎప్పుడూ పూర్తి కాని వస్తువు. ఎంత చూసినా ఇంకో తప్పు కనబడుతుంది.

అలిపిరి నుంచి నడిచి కొండెక్కినవాళ్ళకు అక్కడి లగేజీ కౌంటర్ తెలుసు. బ్యాగు ఇస్తే రసీదు ఇస్తారు. 3,550 మెట్లూ ఉత్త చేతులతో ఎక్కుతాం. బ్యాగు ఎక్కడికీ పోలేదని, పైన మన కోసం ఉంటుందని రసీదు చెబుతుంది కాబట్టే దాని గురించి ఆలోచించకుండా గోవింద నామాలు చెప్పుకుంటూ పోతాం. నేను నేర్పేది ఈ రసీదు రాయడమే. సెషన్ చివర్లో ఏడు నిమిషాలు దీనికోసం పక్కన పెట్టాలి.

ఆ ఏడు నిమిషాలు ఎలా గడుస్తాయో ఒక సాయంత్రం చూపిస్తాను. ఎం.ఏ. ఎకనామిక్స్ అబ్బాయి వచ్చాడు. మదనపల్లె టమాటా ధరల మీద ప్రాజెక్టు. ముప్పై రెండు పేజీలు స్పైరల్ బైండింగ్ కూడా చేయించేశాడు.

"అక్కా, రేపు సాయంత్రానికి ఇచ్చేయాల. ఇంగ్లీషు కొంచెం సరిచేసిస్తారా?"

మొదటి పేజీ ఎక్కడైనా ఉండేదే: భారతదేశం వ్యవసాయ దేశం, జనాభాలో అధిక శాతం... పెన్ను తీయకుండా చదువుకుంటూ పోయాను. పదకొండో పేజీలో ఒక పేరా కనబడింది. ఒక రైతు పొద్దున్నే బాక్సులన్నీ మండీకి తెచ్చాడు. వేలంలో పలికిన ధర ఆటో బాడుగకు కూడా చాలలేదు. మొత్తం రిపోర్టులో ఊపిరి ఉన్నది ఆ పేరాకే.

"ఇది ఎవరి గురించి?"

"మా నాయనేక్కా. ఆ రోజు నేనూ మండీకి పోయినా."

ఇక్కడే నేను పాత రోజుల్లో పడిపోయేదాన్ని. ఆ పేరాను ముందుకు తెచ్చి, ముప్పై రెండు పేజీలూ గదికి పట్టుకుపోయి, తెల్లారేలోపు దిద్ది ఇచ్చేదాన్ని. ఆ అబ్బాయి మీద ప్రేమతోనే చేసేదాన్ని. కానీ అలా దిద్దితే అది నా రిపోర్టు అయిపోతుంది, మరుసటి సెమిస్టర్‌లో అతను మళ్ళీ అదే చోట నిలబడతాడు. రాత సాయం చేసే కేంద్రాల పని రాతను కాదు, రాసే మనిషిని మెరుగుపరచడమని స్టీఫెన్ నార్త్ అనే అమెరికన్ అధ్యాపకుడు 1984లో ఒక వ్యాసంలో వాదించాడు. నేను అతని మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, రేపు సాయంత్రమే గడువు ఉన్న పిల్లవాడి ముఖం చూస్తూ దాన్ని పాటించడం కష్టమైనా సరే.

ఆరింటికి ఏడు నిమిషాలు ఉందనగా డ్రాఫ్టు మూసి అతని వైపు జరిపాను. ఇది చిన్న పనే కానీ చేయండి. కాగితాలు మీ వైపు ఉన్నంతసేపూ పని మీదే అన్నట్టు ఉంటుంది.

"రాత్రి కూర్చోగానే మొదట ఏం చేస్తావు? నీ మాటల్లో చెప్పు."

కాసేపు ఆలోచించాడు. "పదకొండో పేజీ పేరా మొదటికి తెస్తా. ధరల టేబుల్ దేనికి పెట్టినానో దాని కింద రెండు లైన్లు రాస్తా."

"మరి ఇంగ్లీషు?"

"ఇందాక మనం చూసిన పేరాలో పాస్ట్ టెన్స్, ప్రెజెంట్ టెన్స్ కలిసిపోయినాయి కదక్కా. అట్లాంటివి మిగతా పేజీల్లో వెతుకుతా."

"రాసుకో."

చివరి పేజీ వెనక తన చేతిరాతతోనే రాసుకున్నాడు. మీరు రాసిస్తే అది మీరిచ్చిన హోంవర్కు అవుతుంది, చేశాడో లేదోనన్న బెంగ కూడా మీకే చుట్టుకుంటుంది.

అతను వెళ్ళాక నా చిన్న నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాశాను. అదే రసీదు. మొదటి లైను: టమాటా ప్రాజెక్టు, పేరా ముందుకు. రెండోది: అతను చేసేది. మూడోది: నేను చేయాల్సింది. ఆ రోజు మూడో లైనులో "ఏమీ లేదు" అని రాశాను. ఆ రెండు మాటలు రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఖాళీగా వదిలేయకండి, రాయండి. రాస్తేనే మనసు ఒప్పుకుంటుంది.

ఒక్కోసారి మూడో లైనులో నిజంగానే పని ఉంటుంది. అప్పుడు ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది కూడా రాయాలి. "టేబుల్ చూడాలి" అంటే చాలదు, "గురువారం నాలుగున్నరకు, అతని ఎదురుగా" అనాలి. మిగిలిపోయిన పనికి స్పష్టమైన ప్లాన్ వేసుకుంటే, ఆ పని పూర్తి కాకపోయినా, దాని ఆలోచనలు తర్వాతి పనికి అడ్డు రావడం తగ్గుతుందని మసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు 2011లో తమ ప్రయోగాల్లో చూశారు. పేర్లు మాత్రం రాయొద్దు. నోట్‌బుక్ ఎవరి చేతిలోనైనా పడొచ్చు, పిల్లలు మన మీద నమ్మకంతో చూపించిన రాతలవి.

రసీదు రాశాక నేరుగా సొంత పుస్తకం తెరవకండి. పది నిమిషాలు నడవండి. ఆ వేళకు కొండ మీద గాలి గోపురం దీపాలు వెలుగుతుంటాయి. నేను హాస్టల్ వైపు కాకుండా అవి కనబడే దారిన ఒక చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఫోన్ బ్యాగులోనే ఉండాలి. "అక్కా, ఒక్క డౌట్" అనే మెసేజీ ఈ పది నిమిషాల్లోనే వస్తుంది. దానికి జవాబు మరుసటి సెషన్లో.

రసీదుతో తీరనివి రెండున్నాయి. ఒకటి, రాతలో బాధ బయటపడటం. అప్పుల గురించో, ఇంట్లో చావు గురించో రాసి, చదువుతుండగా ఏడ్చేవాళ్ళుంటారు. అప్పుడు డ్రాఫ్టు పక్కన పెట్టి వినండి. కౌన్సెలింగ్ మీ పని కాదు, ఆ భారం ఒక్కరే ఎత్తుకోకండి. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు మీకూ పనికొస్తుంది. రెండోది, డ్రాఫ్టుతో వచ్చిన మనిషిని చూడగానే "మళ్ళీ వచ్చాడా" అని విసుగు పుట్టడం. పని వల్ల కలిగే బర్నౌట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లక్షణాలు మూడు: తీరని అలసట, పని మీద విముఖత, ఏమీ సాధించడం లేదన్న భావన. ఇవి వారాల తరబడి ఉంటే రసీదులు చాలవు. సెషన్లు ఆపి, మీ గైడ్‌తో విషయం దాచకుండా చెప్పండి.

ఈ వారం అభ్యాసం. ఐదు సెషన్లకు ఐదు రసీదులు రాయండి. రోజూ రాత్రి పడుకునే ముందు ఒక గీత గీసి, దాని కింద సాయంత్రం ముగిసిన డ్రాఫ్టు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో అంకె వేయండి. మొదటి రెండు రోజులు అంకె తగ్గకపోవచ్చు, నాకూ తగ్గలేదు. ఎక్కువసార్లు గుర్తొచ్చిన రోజు రసీదులో మూడో లైను ఎలా రాశారో వెనక్కి వెళ్ళి చూడండి. ఆ ఐదు రసీదులూ దగ్గర పెట్టుకోండి. ఐదో పాఠంలో, "అంతా మీరే రాసివ్వండక్కా" అన్నవాళ్ళకు నొప్పించకుండా కుదరదని చెప్పడం నేర్చుకునేటప్పుడు వాటితోనే మొదలుపెడతాం.