రైట్ అన్నాం, ఫైల్లో ఏటీ లేదు

పర్లాకిమిడిలో జీడిపిక్కలు కొనే దుకాణానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న తూకాల ప్రోగ్రాం రాసిచ్చాను. రైతు పేరు, బరువు, ధర: తూకానికో వరస ఫైల్లో చేరాలి. మొదటి సంత రోజే ఫోను: "బావూ, అరవై తూకాలేసినాం. ఫైలు తెరిస్తే ఏటీ లేదు!"

సమస్య: ప్రోగ్రాం నడుస్తోంది, ఎర్రర్ లేదు, ఫైలు మాత్రం సున్నా బైట్లు.

కారణం: ప్రోగ్రాంలో రైట్ (write, ఫైల్లో రాయి) అనగానే అక్షరాలు డిస్కు మీదికి పోవు. ముందు మెమరీలో బఫర్ అనే గంపలో పోగవుతాయి. ఆ దుకాణంలోని పాత పైథాన్‌లో బఫర్ 8192 బైట్లు. మా వరస ఒక్కోటి 80 బైట్లు, అంటే వంద తూకాలు దాటితే గానీ గంప నిండదు, దించరు. ఈలోగా కరెంటు పోయిందా, పొద్దుటి లెక్కంతా గంగపాలే.

పరిష్కారం: ప్రతి తూకం తర్వాత ఫ్లష్ పిలవండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేనూ ఆగాను, మళ్లీ తిట్లు తిన్నాను. ఫ్లష్ సరుకును మన ప్రోగ్రాం చేతి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పెడుతుంది, అంతే. అది డిస్కు దాకా చేరాలంటే ఓఎస్ మాడ్యూల్‌లోని ఎఫ్‌సింక్ కూడా కావాలి. ఎఫ్‌సింక్ నెమ్మదే. లక్ష వరసలు రాసే చోట ప్రతిసారీ పిలిస్తే ప్రోగ్రాం కుంటుతుంది. నిమిషానికి ఒక బస్తా తూచే చోట ఎవరికీ తెలియదు. ఫైలును పైథాన్ మాట విత్ (with) కింద తెరిస్తే మధ్యలో ఎర్రర్ వచ్చినా దానంతటదే క్లోజ్ అవుతుంది. కరెంటు కోతకు విత్ అడ్డుపడదు.

సమస్య: నిన్నటి లెక్క మాయం.

ఫైలును డబ్ల్యూ ("w") మోడ్‌లో తెరిచారు. ఒక్క అక్షరం రాయకముందే, తెరిచిన క్షణమే పాతది చెరిగిపోతుంది. దాని బదులు అపెండ్ మోడ్ ("a", పాతదాని చివర చేర్చేది) పెట్టండి.

సమస్య: పేరు దగ్గర యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్.

ఇక్కడ సగం పేర్లు తెలుగులో, సగం ఒడియాలో రాస్తారు. విండోస్‌లో ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) చెప్పకపోతే ఆ పాత పైథాన్ సాధారణంగా 1252 కోడ్ పేజీ అనే అక్షరాల పట్టిక పట్టుకుంటుంది. అందులో తెలుగూ లేదు, ఒడియా లేదు. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వండి. ఎక్సెల్‌లో పిచ్చి గీతలు కనిపిస్తే యూటీఎఫ్-8-సిగ్. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన) ఫైల్లో వరసల మధ్య ఖాళీ వరస వస్తుంటే, ఓపెన్‌లో న్యూలైన్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే పోతుంది.

సమస్య: పర్మిషన్ ఎర్రర్.

ఇది నా వైద్యం వల్ల వచ్చిన రోగం. భయంతో తూకానికోసారి ఫైలు తెరిచి మూసేలా మార్చాను. దుకాణదారు అదే ఫైలును ఎక్సెల్‌లో తెరిచి టీకి వెళ్లాడు. ఎక్సెల్ తాళం వేసి కూర్చుంది, తర్వాతి తూకం రాయలేకపోయింది. ఇప్పుడు ఆయన చూసుకోవడానికి ప్రోగ్రామే వేరే కాపీ తీసి పెడుతోంది.