దూరపు లక్ష్యాన్ని దగ్గరి కోరిక మింగకుండా చూసుకోవడం ఎలా

దీర్ఘకాలిక లక్ష్యాన్ని మధ్యలో వదిలేసినవారికి మనోబలం లేదని మనం తేలికగా తీర్పు చెబుతాం కానీ, చాలా సందర్భాల్లో లోపం మనిషిలో కన్నా అతడు ఎంపిక చేసుకునే సమయంలో ఉంటుంది. ఏడాది తరువాత దొరికే చిన్న లాభాన్నీ, ఏడాది మీద ఒక రోజు ఆగితే దొరికే కాస్త పెద్ద లాభాన్నీ పోల్చమంటే పెద్దదానికి మొగ్గేవారే, ఆ ఎంపిక ఈ రోజుకూ రేపటికీ మధ్య వచ్చినప్పుడు తరచుగా మాట మారుస్తారు. కాబట్టి కోరిక ఇంకా ఎదుట పడకముందే నిర్ణయం తీసుకోవాలి.

పొదుపు విషయంలో ఇది సులభంగా సాధ్యపడుతుంది. జీతం పడిన రోజునే కొంత మొత్తం దానంతట అదే వేరే ఖాతాకు మళ్లేలా ఏర్పాటు చేసుకుని, జీతం పెరిగినప్పుడల్లా ఆ మొత్తమూ పెరగాలని ఇప్పుడే నిర్ణయించుకోవచ్చు. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ 2004లో వివరించిన పథకం ఇలాంటిదే; రాబోయే జీతాల పెంపులో కొంత భాగాన్ని పొదుపుకు కేటాయించడానికి ముందే అంగీకరించిన ఉద్యోగుల పొదుపు రేటు 40 నెలల్లో సగటున 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికి అందుతున్న జీతం తగ్గకపోవడం వల్ల ఆ త్యాగం వారికి పెద్దగా భారమనిపించలేదు.

ఇక ఆకర్షించే వస్తువును కంటికి దూరంగా ఉంచాలి. మనస్తత్వవేత్తలు వాల్టర్ మిషెల్, ఎబ్బె ఎబ్బెసెన్ 1970లో ప్రచురించిన ప్రయోగంలో, కాసేపు ఆగితే మరింత ఇష్టమైన తినుబండారం ఇస్తామని పిల్లలకు చెప్పినప్పుడు, తినుబండారాలు ఎదురుగా ఉన్న పిల్లల కన్నా, అవి కనిపించకుండా చేసిన పిల్లలు చాలా ఎక్కువ సేపు ఆగగలిగారు. చదువుకునే వేళ ఫోన్‌ను బోర్లించి పక్కనే పెట్టుకోవడం కన్నా వేరే గదిలో ఉంచడం మేలు.

అయితే ఎక్కువమంది పట్టించుకోని విషయం నమ్మకం. 2013లో వెలువడిన ఇలాంటి మరో పరిశోధనలో, అంతకుముందు మాట నిలబెట్టుకున్న పెద్దవారి దగ్గర పిల్లలు సగటున సుమారు 12 నిమిషాలు ఆగగా, మాట తప్పినవారి దగ్గర సుమారు 3 నిమిషాలకే ఓపిక వదిలేశారు. నా దృష్టిలో దీన్ని బలహీనత అనలేం, అది సరైన లెక్కే. మనకు మనం ఇచ్చుకునే మాటలకూ ఇదే వర్తిస్తుందని నేను భావిస్తాను. అందుచేత పదేళ్ల లక్ష్యం పెట్టుకున్నా, నెలలోపు ఫలితం కనిపించే ఒక మెట్టును దానిలో చేర్చి, అది పూర్తయిన రోజున మీకు మీరు చెప్పుకున్న చిన్న బహుమతిని వాయిదా వేయకుండా తీసుకోండి. ఆ మెట్టును వరుసగా రెండు నెలలు అందుకోలేకపోతే, మిమ్మల్ని మీరు నిందించుకోకుండా దాని ఎత్తు తగ్గించండి.