ఇంపల్స్‌లో కరిజ్మా ఇంజన్ పెట్టేముందు చైన్ లైన్ చూసుకోండి

2011లో వచ్చిన హీరో ఇంపల్స్ బైకుకి సస్పెన్షన్ బంగారం, ఇంజన్ మాత్రం 150 సీసీనే. అందుకే చాలామంది హీరో కరిజ్మా బైకు 223 సీసీ ఇంజన్ ఎక్కిస్తుంటారు. మీకూ ఆ ఆలోచన ఉంటే ఒక్కమాట, ఇంజన్ ఫ్రేములో పట్టిందా లేదా అన్నది రెండో సంగతి, ముందు చూడాల్సింది చైన్ లైన్, అంటే చైన్ తిరిగే ముందు, వెనక పళ్లచక్రాలు (స్ప్రాకెట్లు) ఒకే గీతలో ఉండటం. కొత్త ఇంజన్‌ని జాకీ మీద నిలబెట్టి, ముందు స్ప్రాకెట్ నుంచి వెనక స్ప్రాకెట్ దాకా ఒక నిటారు అల్యూమినియం పట్టీ ఆనించి రెండూ ఒకే గీతలో ఉన్నాయని తేలాకే ఇంజన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే మౌంటింగ్ ప్లేట్లకి చిన్న చుక్కలు వెల్డింగ్ పెట్టించండి, చక్రం చేత్తో తిప్పి చూశాకే పూర్తి వెల్డింగ్. నేను తొందరపడి ముందే పూర్తిగా వేయించేశా, మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడాకి కొత్త చైన్ కాస్తా అరిగిపోయింది, మళ్లీ గ్రైండర్ పట్టుకోవాల్సొచ్చింది!

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, సీడీఐ (స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) రెండూ ఊడదీయండి. ఇంజన్ ఒక్కటే కాకుండా దాని సీడీఐ, కాయిల్, రెగ్యులేటర్, కార్బురేటర్ కూడా ఆ కరిజ్మావే తీసుకోండి. కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కరిజ్మా జెడ్‌ఎంఆర్ మోడల్ జోలికి మాత్రం పోకండి, దాని వైరింగ్, ఫ్యూయల్ పంపు పెద్ద తలనొప్పి.

ఇంకోటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కీ ఇబ్బందే. కాబట్టి రోజూ ఆఫీసుకెళ్లే బండి మీద ఈ ప్రయోగం వద్దు.