మన సరిహద్దు ఊళ్ళ పిల్లలకి ఆసుపత్రి ఉద్యోగాలు పరిచయం చెయ్యడం ఎలా

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మన పర్లాకిమిడిలోనో కాశీనగర్‌లోనో ఏ తెలుగింట్లోనైనా ఎనిమిదో తరగతి పిల్లని పెద్దయ్యాక ఏమవుతావని అడగండి, కాస్త బాగా చదివే పిల్లయితే తడుముకోకుండా డాక్టర్ అంటుంది. సరే, డాక్టర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు అని ఇంకో ప్రశ్న వేస్తే "సూదేస్తారు" అంటుంది. సూదేసేది నర్సమ్మ. పిల్లల తప్పేం లేదు, మనం ఎప్పుడూ చూపించలేదు, అంతే. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, కొన్నేళ్ళుగా ఆదివారాలు మా వీధి పిల్లల్ని కూర్చోబెట్టి ఈ పని చేస్తున్నాను, చేసి చేసి ఏది పనికొస్తుందో ఏది రాదో కాస్త తెలిసింది, అదే ఇక్కడ రాస్తున్నా. టీచర్లూ, అమ్మానాన్నలూ, నర్సింగ్ చదువుతూ సెలవులకి ఇంటికొచ్చిన అక్కలూ, ఎవరైనా చెయ్యొచ్చు.

ముందు చెయ్యకూడనిది చెప్తాను. మొదటిసారి నేను ఒక డాక్టరు గారిని పిలిచి, మైకు పెట్టించి, గంటసేపు మాట్లాడించాను. ఆయన మంచాయనే, కష్టపడితే ఏదైనా సాధించొచ్చని చాలాసేపు చెప్పారు. ఏమైనా అడగండర్రా అంటే వెనక వరసలోంచి ఒకడు లేచి "సమోసాలు ఎప్పుడిస్తారు సార్" అన్నాడు. ఆ రోజు పిల్లలకి గుర్తున్నది సమోసా ఒక్కటే, అదీ చల్లారిపోయింది.

కాబట్టి ఉపన్యాసంతో కాదు, ఒక జ్వరంతో మొదలుపెట్టండి. కొండ దిగువ ఊళ్ళో ఒకాయనకి చలిజ్వరం వచ్చిందనుకుందాం. మొదట ఇంటికొచ్చేది ఆశా దీదీ, వేలి మీద గుచ్చి ఒక్క చుక్క రక్తం మలేరియా కార్డు మీద వేసి పావుగంట ఆగి గీత పడిందో లేదో చూస్తుంది. జ్వరం ముదిరితే 108 వస్తుంది, అందులో డ్రైవరు కాక ఇంకొకరుంటారు, వాళ్ళు ఆక్సిజన్ పెడతారు, సెలైన్ ఎక్కిస్తారు. తర్వాత ఓపీ చీటీ రాసేవాళ్ళు, డాక్టరు, రక్తం తీసేవాళ్ళు, నాలాగా దాన్ని మైక్రోస్కోపు కింద చూసేవాళ్ళు, మందులిచ్చే ఫార్మసిస్టు, రాత్రంతా రెండు గంటలకోసారి జ్వరం చూసే నర్సు. ఒక్కో పిల్లకి ఒక్కో వేషం ఇచ్చి ఆడించండి, రోగి వేషానికి బాగా మూలిగేవాణ్ణి పెట్టండి. ఒకసారి ఇలాగే ఆడుతుంటే ఏడో తరగతి పిల్ల "ఆ దుప్పటి ఎవలు ఉతుకుతారు సార్?" అంది. నా ఇన్నేళ్ళ సర్వీసులో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు! ఆ రోజంతా లాండ్రీ గురించీ, వాడిన సూదులు తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలో ఎందుకు వేస్తారన్న దాని గురించే సరిపోయింది.

తర్వాతి వారం చేతికి పని చెప్పండి, ఖర్చు పెద్దగా ఉండదు. 1816లో పారిస్‌లో లేనెక్ అనే డాక్టరు, ఒక ఆడమనిషి గుండె మీద చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితం చుట్టి దాంట్లోంచి విన్నాడు, స్టెతస్కోపు పుట్టింది అలాగే. నోట్‌బుక్కు చుట్టి పక్కవాడి గుండె వినమనండి, ఆ టకటక వినిపించగానే వాళ్ళ మొహాలు చూడాలి మీరు. తర్వాత నాడి లెక్కపెట్టించండి (పెద్దవాళ్ళకి కూర్చుని ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉంటుంది), మెట్లెక్కి దిగాక మళ్ళీ లెక్కపెట్టించండి. లీటరు నీళ్ళలో ఆరు చదును టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి ఓఆర్ఎస్ చేయించండి. కొలతలు తప్పితే ఏమవుతుందో అక్కడే చెప్పండి, ఫార్మసీ పని అంటే ఏమిటో సగం అర్థమైపోతుంది. ఒక్క మాట, సరదాకి కూడా పిల్లల వేళ్ళు గుచ్చొద్దు, బ్లడ్ గ్రూపు సంగతి బోర్డు మీద బొమ్మ గీసి చెప్తే చాలు.

మందు కనిపెట్టేవాళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు వాళ్ళని లెక్కలోకే తీసుకోరు. గంజాం వైపు ఫైలేరియాకి (బోదకాలు) ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర ఉంది కదా, దాన్ని తయారుచేసింది అమెరికాలో లెడర్లీ కంపెనీలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన పరిశోధన బృందం. ఈ సంగతి చెప్తే "ఆ చేదు మాత్రా?" అని ఒకడు మొహం చిట్లించాడు, అయినా పేరు గుర్తుపెట్టుకున్నాడు.

ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ముందు మెడికల్ ఆఫీసర్‌ని అడిగి తీసుకెళ్ళండి, పది పన్నెండు మందికి మించొద్దు, ఓపీ రద్దీ తగ్గాక మధ్యాహ్నం వెళ్ళండి. రోగుల ఫోటోలు తియ్యకూడదు, ఎవరికి ఏ జబ్బో అడగకూడదు, బయటికొచ్చి చెప్పుకోకూడదు. ఈ మూడూ పిల్లల చేత ముందే ఒప్పించండి, నిజానికి ఈ వృత్తిలో మొదటి పాఠం అదే. ఆసుపత్రి కుదరకపోతే అంగన్‌వాడీ దగ్గర తల్లులకీ పిల్లలకీ జరిగే ఆరోగ్య పరీక్షల రోజు, మమతా దివస్‌కి వెళ్ళండి, గర్భిణులకి బరువు చూడడం, బీపీ చూడడం, ఏఎన్ఎమ్ దీదీ (ఊళ్ళు తిరిగే నర్సు) రిజిస్టర్ రాయడం అన్నీ ఒక గంటలో కనిపిస్తాయి. ఇచ్ఛాపురం, కవిటి వైపు చుట్టాలున్న పిల్లలకి డయాలసిస్ మాట ఎలాగూ తెలుసు, ఉద్దానం కిడ్నీ జబ్బు తెలియని ఇల్లు అక్కడ లేదు. ఆ మిషన్ పక్కన నాలుగు గంటలు నిలబడేది డయాలసిస్ టెక్నీషియన్ అనీ, ఒక్కసారి చెయ్యడానికి దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్ళు కావాలనీ చెప్పండి. నీళ్ళు శుద్ధి చేయడం కూడా వైద్యమేనా అని అడుగుతారు. అవును, వైద్యమే.

మన పిల్లలకి ఉన్న ఒక పెద్ద ఆస్తి వాళ్ళకే తెలియదు, అది భాష. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కొండ గిరిజనుల సవర మాటలు నాలుగు, టీవీ హిందీ సరేసరి. ఇచ్ఛాపురం వాళ్ళు బరంపురం పెద్దాసుపత్రికి వెళ్తారు, మనవాళ్ళు పాతపట్నం దాటి శ్రీకాకుళం, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా వెళ్తారు, రెండు వైపులా రోగి చెప్పేది సగం అర్థంకాక తల ఊపే సిబ్బంది ఉంటారు. "నొప్పి గుచ్చినట్టుందా, లాగినట్టుందా, మండినట్టుందా" అని రోగి భాషలో అడగగలిగిన నర్సు ఉంటే డాక్టరుకి సగం పని తగ్గుతుంది. గిడుగు రామ్మూర్తి పంతులు గారు మన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూనే సవర నేర్చుకుని నిఘంటువు రాశారు. మీ గుంపులో సవర పిల్లలుంటే ఒక ఆదివారం వాళ్ళనే మాస్టార్లని చెయ్యండి, జ్వరం, దగ్గు, కడుపునొప్పి, ఎన్నాళ్ళ నుంచి, ఈ మాటలు వాళ్ళ దగ్గర అందరూ రాసుకోవాలి.

ఇప్పుడు పదో తరగతి పిల్లల సంగతి. ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. దానికి నీట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, 180 ప్రశ్నలు, 720 మార్కులు, అందులో సగం బయాలజీ. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎమ్ మూడేళ్ళు, ఏఎన్ఎమ్ రెండేళ్ళు, డీఫార్మసీ రెండేళ్ళు. ప్లస్ టూలో ఆర్ట్స్ తీసుకున్న పిల్లకి కూడా జీఎన్ఎమ్, ఏఎన్ఎమ్ తలుపులు తెరిచే ఉంటాయి, ఇది చాలా ఇళ్ళలో తెలియదు, సైన్స్ రాలేదు కాబట్టి అంతా అయిపోయిందనుకుంటారు. జీఎన్ఎమ్ మగపిల్లలు కూడా చదవొచ్చు, "నర్సమ్మా" అని స్నేహితులు ఏడిపిస్తారు, ఏడిపించనివ్వండి.

సరిహద్దులో ఉన్నందుకు మనకే వచ్చే చిక్కులు రెండు, ఇవి జాగ్రత్తగా చదవండి. నీట్ తెలుగులో రాయొచ్చు, కానీ తెలుగు పేపరు ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు, ఒడియా పేపరు ఒడిశా సెంటర్లలోనే. అప్లికేషన్ నింపేటప్పుడే భాష, ఊరు రెండూ కలిపి ఆలోచించాలి, తర్వాత టెన్షన్ పడి లాభం లేదు. రెండోది లోకల్ సంగతి, అంటే ఒక రాష్ట్రం తన పిల్లలకని ఉంచిన సీట్ల లెక్కలోకి రావడం. ఇక్కడ పది చదివించి, ఇంటర్‌కి విశాఖ హాస్టల్లో వేస్తే అక్కడ లోకల్ అయిపోతారని చాలామంది అనుకుంటారు. అవ్వరు, మామూలుగా ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. అటు లోకల్ కాక, ఇటు ఒడిశా కాగితాలు చూసుకోక, ఏ రాష్ట్రం పిల్లలైనా పోటీపడే ఆలిండియా కోటా 15 శాతం సీట్ల మీదే ఆశపెట్టుకున్న పిల్లని నేను చూశాను, మంచి మార్కులు వచ్చి కూడా ఇంట్లో కూర్చుంది. పిల్లని ఏ రాష్ట్రం లెక్కలో పెడతారో తొమ్మిదో తరగతిలోనే తేల్చుకోండి.

కాలేజీ గుర్తింపు కూడా చూడాలి. మా లైన్లోనే ఒకబ్బాయి ల్యాబ్ కోర్సు అని ఒకచోట రెండేళ్ళు ఫీజు కట్టాడు, తీరా ఆ సర్టిఫికెట్ ఎక్కడా చెల్లలేదు, వాళ్ళ నాన్న అమ్మిన పొలం మాత్రం తిరిగి రాలేదు. నర్సింగ్ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీ అయితే ఫార్మసీ కౌన్సిల్ వెబ్‌సైట్లో కాలేజీ పేరుందో లేదో మీరే చూడండి, ఏజెంటు చూపించిన కాగితం నమ్మొద్దు.

ఒడిశా కోటాలో పెట్టాలనుకుంటే రెసిడెంట్ సర్టిఫికెట్, కుల ధ్రువపత్రం పదో తరగతి సెలవుల్లోనే తహసీల్ ఆఫీసులో పెట్టేయండి. ఆధార్‌లో, బడి రికార్డులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా అప్పుడే చూడండి, మన తెలుగు ఇంటిపేర్లని ఒడియాలో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, సీట్లిచ్చే కౌన్సెలింగ్ రోజున ఆ ఒక్క అక్షరం కోసం బరంపురం నుంచి పర్లాకిమిడికి మళ్ళీ బస్సెక్కాల్సి వస్తుంది.