దాత కణాల లెక్క – మూడో పాఠం: పెరుగుదల ఎక్కడ ఆగుతుంది?

గత పాఠంలో, ఎముక మజ్జ (మూలకణ) మార్పిడి తర్వాత రోగి రక్తంలో దాత నుంచి వచ్చిన టీ కణాలు వారానికి సగం చొప్పున పెరిగితే ఏమవుతుందో చూశాం. మైక్రోలీటరు రక్తానికి 20తో మొదలుపెడితే ఇరవై వారాల్లో 66 వేలు దాటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల రక్తంలోనే లింఫోసైట్లు (టీ కణాలు కూడా ఉండే తెల్ల రక్తకణాల వర్గం) మైక్రోలీటరుకు సుమారు 1,000 నుంచి 4,000 వరకు ఉంటాయి. అంటే మన లెక్కలో ఏదో లోపించింది.

లోపించింది ఆహారం. టీ కణాలు బతకడానికి, విభజన చెందడానికి ఇంటర్‌ల్యూకిన్-7 అనే ప్రోటీన్ కావాలి. మార్పిడి జరిగిన కొత్తలో దాన్ని వాడుకునే కణాలు తక్కువ కాబట్టి అది రక్తంలో పోగుపడుతుంది. దాత కణాలు ఆ సమృద్ధిలో వేగంగా విభజన చెందుతాయి. కణాలు పెరిగేకొద్దీ ఒక్కోదానికి దక్కే వాటా తగ్గి, వేగం నెమ్మదిస్తుంది. నాకు ఈ పాఠాలన్నిటిలో బాగా ఇష్టమైన చోటు ఇదే. శరీరం తనంతట తాను వేసుకునే బ్రేకును ఒక్క బ్రాకెట్‌లో రాసేయొచ్చు:

వారంలో పెరుగుదల = రేటు × సంఖ్య × (1 − సంఖ్య ÷ పరిమితి). పరిమితి అంటే సంఖ్య చేరగల గరిష్ఠం.

దీన్ని లాజిస్టిక్ సమీకరణం అంటారు. బెల్జియం గణితవేత్త వెర్హుల్స్ట్ 1838లో జనాభా పెరుగుదల కోసం ప్రతిపాదించాడు. బ్రాకెట్‌లో ఉన్నది ఇంకా మిగిలిన వాటా అనుకోండి.

ఇప్పుడు కాగితం తీయండి. అభ్యాసం కోసం రేటు 0.5, పరిమితి 800, మొదటి సంఖ్య 20 అనుకుందాం. మొదటి వారం పెరుగుదల 0.5 × 20 × (1 − 20 ÷ 800), అంటే 9.75. సంఖ్య 29.75, అంటే దాదాపు 30 అయింది. ఆ 29.75ని గుండ్రం చేయకుండా మళ్లీ అదే సూత్రంలో పెడితే రెండో వారం చివరికి 44. ఇలాగే ఐదో వారానికి 136, పదో వారానికి సుమారు 552 వస్తాయి. సంఖ్య పరిమితిలో సగం, అంటే 400 దగ్గరున్నప్పుడు పెరుగుదల అత్యధికం: వారానికి 100. తర్వాత గ్రాఫ్‌లో గీత వంగిపోతుంది.

ఇక్కడ కాసేపు ఆగండి. పరిమితిని 400కి తగ్గించి, మిగతావన్నీ అలాగే ఉంచి మళ్లీ లెక్క వేయండి. రెండో వారానికి 43. ముందు వచ్చింది 44! ల్యాబ్ పరీక్షలో ఈ తేడా అసలు పట్టుబడదు. ఐదో వారానికి 123, ముందు 136. పదో వారానికి మాత్రం 344, 552గా విడిపోతాయి. అంటే మొదటి వారాల కౌంట్ నుంచి రేటు తెలుస్తుంది, పరిమితి తెలియదు. బ్రాకెట్ విలువ అప్పటికి ఇంకా 1కి దగ్గరే ఉంటుంది కదా. రిపోర్టు చూసి టెన్షన్ పడేవాళ్లున్న విషయం ఇది. కాబట్టి నాలుగు చుక్కలకు గీత కలిపి ఆరు నెలల తర్వాతి సంఖ్యను ఎవరికీ చెప్పకండి.

ఇంకో జాగ్రత్త. అన్ని కణాలకూ ఒకే గీత సరిపోదు. ఎన్‌కే కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే మరో రకం లింఫోసైట్లు) తొలి వారాల్లోనే కోలుకుంటాయి. టీ కణాల్లో సోకిన కణాలను చంపే సీడీ8 రకం సాధారణంగా మిగతా రోగనిరోధక కణాలకు సాయపడే సీడీ4 రకం కంటే ముందు వస్తుంది. శరీరంలో నిద్రాణంగా ఉండిపోయే సైటోమెగాలోవైరస్ మళ్లీ చురుకైతే సీడీ8 సంఖ్య బాగా పెరగవచ్చు, అప్పుడు పరిమితి స్థిరం అనే ఊహే చెల్లదు. సీడీ4 కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏళ్లు కూడా పడుతుంది. కొత్త రకాల టీ కణాలు ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి నుంచి రావాలి, వయసు పెరిగేకొద్దీ ఆ గ్రంథి కుంచించుకుపోతుంది. పాత కణాలు ఎన్నిసార్లు విభజన చెందినా సంఖ్య పెరుగుతుంది తప్ప గుర్తించగల శత్రువుల జాబితా పెరగదు. మన సమీకరణంలో దీనికి చోటు లేదు.

ఆ చోటు నాలుగో పాఠంలో చేరుద్దాం. ఈలోగా ఒక పని: సమీకరణం చివర ప్రతి వారం 2 కణాలు (థైమస్ నుంచి వచ్చేవి అనుకోండి) అదనంగా కలపండి. మొదటి సంఖ్య 20 అయినప్పుడు ఒకసారి, 5 అయినప్పుడు ఒకసారి ఐదు వారాలు నడిపి, ఆ 2 ఎక్కడ ఎక్కువ తేడా తెచ్చిందో రాసి పెట్టుకోండి.